ఒక్కసారైనా స్టార్ట్ చెయ్యని కారు

ఏలూరు, పవర్‌పేట
3-11-2006

శేషగిరిరావు గారికి,

మీ కొత్త కారులోంచి కొత్త బ్యాటరీ కొట్టేసి దాని చోట పాతది బిగించానని, ఆకివీడులో చేపల ప్యాకింగు షెడ్డు పక్క టీకొట్టులో పదిమంది ముందు అన్నారు. అక్కడితో ఆగకుండా మా బ్యాటరీల షాపు యజమాని మొహిద్దీన్ భాయ్‌కి ఫోన్ చేసి అదే మాట చెప్పారు. నమస్కారం మర్చిపోయాననుకోకండి. కావాలనే మానేశాను.

మీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. రంజాన్ మర్నాడు మీరు షాపుకి ఫోన్ చేసి, నెలక్రితం కొన్న కారు చడీచప్పుడూ లేకుండా పడి ఉందన్నారు. షోరూమువాళ్ళు వారం పడుతుందన్నారట. పండగ సేమ్యా అరక్కముందే నేను బస్సెక్కి, కైకలూరు మీదుగా ఆకివీడు వచ్చి, ఆటోలో మీ చెరువు గట్టుకి చేరాను. బ్యాటరీ ఊడదీసి, తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఏలూరు తెచ్చాను. పక్క సీటాయన చంటిబిడ్డనుకుని జరిగి చోటిచ్చాడు. కండక్టరు మాత్రం లగేజీ టిక్కెట్టు కొట్టాడు. చార్జింగు పెట్టి, మళ్ళీ అలాగే ఒళ్ళో పెట్టుకొచ్చి బిగించాను. ఇంజను స్టార్ట్ చేసి చూపిస్తానంటే "వద్దు వద్దు, మూఢం" అని మీరే నా చెయ్యి పట్టుకున్నారు. లైటు వెలిగితే చాలన్నారు. వెలిగింది. నాలుగు రోజులకి మళ్ళీ చచ్చింది. అంతే, నేను దొంగనైపోయాను.

మీకిది టీకొట్టు కబురు. నాకేంటో చెబుతాను వినండి. మొహిద్దీన్ భాయ్ డిసెంబరు పదిహేనున తాడేపల్లిగూడెంలో రెండో షాపు తెరుస్తున్నాడు. అది నా చేతిలో పెడతానని రంజాన్ రోజు అందరి ముందూ మాటిచ్చాడు. మీ ఫోన్ వచ్చాక, "ఆ మచ్చ పోయేదాకా గూడెం మాటెత్తకు, సుందరరావుని పెడతాను" అంటున్నాడు. సుందరరావు ఎవరో మీకు తెలీదు. ప్లస్సేదో మైనస్సేదో వాడికీ తెలీదు.

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నారు. ఉత్తరాన్ని కట్ చెయ్యలేరు గదా! బ్యాటరీ మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది. మీ వారంటీ కార్డులో కూడా అదే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కలిస్తే, అదే మొహిద్దీన్ భాయ్‌కి "ఖలీద్ దొంగ కాదు" అని చెప్పండి. పదో తారీకులోగా జవాబు రావాలి.

ఖలీద్


చెరువు గట్టు, ఆకివీడు దగ్గర
8-11-2006

అబ్బాయ్ ఖలీద్‌కి శేషగిరిరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. దస్తూరీ ముచ్చటగా ఉంది. ఫోన్ నేను కట్ చెయ్యలేదు నాయనా, మా గట్టు మీద సిగ్నలు దానంతటదే పోతుంది. నువ్వు చేసినప్పుడు మరీ పోతుంది.

నిన్ను దొంగ అన్నానని ఎవరు చేరవేశారో గాని, ఆ మాట నా నోట రాలేదు. "కుర్రాడు మార్చేశాడేమోనండీ" అన్నాను. అందులో "ఏమో" ఉంది, "అండీ" కూడా ఉంది. మర్యాదకి ఎక్కడా లోటు చెయ్యలేదు.

ఇక అసలు సంగతి నువ్వే ఆలోచించు. షోరూమువాళ్ళు కారుని మా గట్టుకి చేర్చేసరికి సాయంత్రమైంది. పొద్దున్నే పూజ చేద్దామన్నారు పంతులుగారు. పొద్దున్నకి ఆయనకి జ్వరం. ఆయన జ్వరం తగ్గేసరికి శుక్ర మూఢం వచ్చి కూర్చుంది. శుక్రుడు లేస్తాడు గదా అని చూస్తుంటే వెనకాలే గురు మూఢమట. డిసెంబరు ఆరు దాకా పూజకి లేదు. పూజ కాని బండిని స్టార్ట్ చెయ్యకూడదు. మా వీధిలో కారు పట్టదు గనక చెరువు గట్టున, తవుడు బస్తాలు పెట్టే గోడల్లేని రేకుల షెడ్డులో నిలబెట్టించాను. అప్పట్నుంచి ఇవాళ్టికి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఇంజను తిప్పలేదు. దేవుడి పటం మీద ఒట్టు.

వాడని వస్తువు ఎక్కడైనా అరుగుతుందా? బీరువాలో మడత పెట్టిన పట్టుపంచె తనంతట తాను చిరుగుతుందా? మేము వాడలేదు. అయినా అయిపోయింది. అంటే నువ్వు పెట్టింది ముందే అయిపోయినది. ఇందులో కోపం తెచ్చుకోవడానికేముంది?

బానెట్ ఎత్తి నంబరు చూడమన్నావు. మూఢంలో నేను బానెట్ ఎత్తను. మొన్న ఎత్తింది నువ్వు. ఆ దోషమేదైనా ఉంటే నీకే తగులుతుంది గాని మాకేం కాదని పంతులుగారు చెప్పారు.

శేషగిరిరావు


ఏలూరు
13-11-2006

శేషగిరిరావు గారికి,

దొంగతనం చాలక మూఢం దోషం కూడా నా నెత్తినే రుద్దారు.

ఈ వారం నేనేం చేస్తున్నానో తెలుసాండీ? పాత బ్యాటరీల డొక్కులు కడుగుతున్నాను. నా చార్జింగు బల్ల దగ్గర సుందరరావు కూర్చున్నాడు. నిన్న ప్లస్సు తీగని మైనస్సుకి తగిలించాడు. వచ్చిన నిప్పురవ్వకి వాడి మీసం ఒక పక్క పోయింది. రెండో పక్క గీయించుకుని "స్టైలు" అంటున్నాడు. గూడెం షాపు వాడి చేతికి వెళితే ఆ ఊళ్ళో ఎవరికీ మీసాలుండవు.

నేను ఆరో క్లాసుతో బడి మానేశాను. ఈ పని నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బ్యాటరీ డబ్బాల్లో వచ్చే కాగితాలు ఏరుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. కాబట్టి పట్టుపంచె కబుర్లు నాకు చెప్పకండి. బ్యాటరీ పంచె కాదు, బిందె. ఇంజను తిరిగితేనే అందులోకి కరెంటు పడుతుంది. తిరక్కపోతే ఎంత తోడితే అంత ఖాళీ అవుతుంది. మీ మూఢాన్ని నేనేమీ అనను, మీ నమ్మకం మీది. బ్యాటరీకి పంచాంగం చదవడం రాదండీ, అంతే.

స్టార్ట్ చెయ్యలేదని ఒట్టేశారు. ఒప్పుకున్నాను. నేనడిగేది అది కాదు. స్టార్ట్ చెయ్యకుండా ఏం చేశారు? నేను నిండుగా నింపి పెట్టిన బిందె నాలుగు రోజుల్లో ఖాళీ అయిందంటే ఎవరో కూర్చుని తోడారు. లైట్లా? టేపురికార్డరా? లోపల కూర్చుని ఏ మీటలు నొక్కారు?

దేవుడి పటం మీదే మళ్ళీ ఒట్టేసి రాయండి. ఇరవయ్యో తారీకు దాటితే నేనే ఆ టీకొట్టుకొచ్చి బెంచీ ఎక్కి అడుగుతాను.

ఖలీద్


ఆకివీడు దగ్గర
18-11-2006

బాబూ ఖలీద్‌కి,

నేను వెంకటనరసమ్మని, శేషగిరిరావు గారి భార్యని. మొన్న నువ్వొచ్చినప్పుడు మజ్జిగిచ్చాను, గుర్తుందా? ఈ ఉత్తరం సంగతి ఆయనకి తెలీదు. తెలియనివ్వకు.

నువ్వు రాసినవి రెండూ చదివాను. మనసు ఊరుకోలేదు. మూఢం కారుకి గాని నాకు కాదు గదా అని, ఆయన చేపల మేత తేవడానికి వెళ్ళినప్పుడు నేనే ఆ మూత ఎత్తాను. ఎత్తడం తేలికే గాని నిలబెట్టడం తెలీక నెత్తి మీద మోస్తూ చూశాను. కార్డులో నంబరూ బ్యాటరీ మీద నంబరూ ఒక్కటే బాబూ. నాలుగుసార్లు చూశాను. నువ్వు మార్చలేదు.

ఆయన కూడా చెడ్డవారు కాదు. ఆయన బాధ పిట్టలు. మా చెరువు మీద గూడబాతులు, నీటికాకులు పొద్దున్నే గుంపులుగా దిగుతాయి. పేతురు అని మా కాపలామనిషి డబ్బా వాయించి తోలేవాడు. ఆ చప్పుడు వాటికి అలవాటైపోయి, ఇప్పుడు వాడు డబ్బా కొడుతుంటే అవి వాడి పక్కనే నిలబడి చేపలు తింటున్నాయి. ఒకరోజు ఈయన కారులో ఊరికే కూర్చుని హారన్ నొక్కారు. చెరువంతా ఒక్కసారి లేచిపోయింది! ఆ ఆనందం నేను మా పెళ్ళిలో కూడా ఆయన మొహంలో చూడలేదు. అప్పటినుంచి అదే పని. తెల్లారగానే కాఫీ గ్లాసు పట్టుకుని కారులో కూర్చుంటారు. పిట్ట దిగితే హారన్. "నరసమ్మా, ఒక్క నొక్కుకి నలభై లేచాయే!" అని కేకలు. మంచు పట్టిన రోజుల్లో లైట్లు కూడా వేస్తారు, పిట్టలు కనపడాలి గదా అని. స్టార్ట్ మాత్రం చెయ్యరు. ఆ విషయంలో ఆయన మాట నిజం.

బ్యాటరీ పోయాక ఒక నీటికాకి ఆ కారు మీదే కూర్చుని, రెక్కలు బారచాపి, బట్టలారేసినట్టు ఆరేసుకుంటోంది. ఆయన చూడలేక మొహం తిప్పుకుంటున్నారు.

నేను మాత్రం ఆ కారులో వేలు కూడా పెట్టలేదు.

వెంకటనరసమ్మ


ఏలూరు
22-11-2006

శేషగిరిరావు గారికి,

కారు కొని కాకుల్ని తోలి, ఆ పాపం నా మీద పెట్టారు.

ఎవరు చెప్పారని అడగకండి. గూడబాతులు చెప్పాయనుకోండి. పొద్దున్నే కాఫీ గ్లాసు, హారన్, మంచులో లైట్లు, అన్నీ తెలిశాయి. "వాడలేదు" అని ఒట్టేశారే! మీ లెక్కలో ఇంజను తిరిగితేనే వాడినట్టు. హారన్ కొడితే అది గాలి పీల్చి మోగుతుందనుకున్నారా? మొదటిసారి కూడా ఇలాగే అయిపోయి ఉంటుంది. నేను ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చింది మీ పిట్టల కోసమన్నమాట.

నంబర్లు కలిశాయని కూడా తెలిసింది. ఆ మూత ఎత్తిన చేతులకి నా నమస్కారం. అవి మీ చేతులు కావు గనక ఆ నమస్కారం మీకు కాదు.

ఇప్పుడు టీకొట్టు నాకక్కర్లేదు. అక్కడివాళ్ళు ఈపాటికి వేరే కబుర్లలో ఉంటారు. మీరు ఏలూరు రావాలి. మా షాపు మెట్టు దగ్గర మొహిద్దీన్ భాయ్ ఎదురుగా నిలబడి, "నా హారన్ వల్ల అయిపోయింది, ఈ కుర్రాడు మార్చలేదు" అని మీ నోటితో చెప్పాలి. వస్తారో రారో ముప్పయ్యో తారీకులోగా తేల్చండి. గూడెం షాపుకి బోర్డు రాయిస్తున్నారు. కింద ఎవరి పేరు వెయ్యాలో పెయింటరు రోజూ అడుగుతున్నాడు.

ఖలీద్


చెరువు గట్టు
26-11-2006

అబ్బాయ్ ఖలీద్‌కి,

గూడబాతులు ఇంత వివరంగా మాట్లాడవు. కాఫీ గ్లాసు సంగతి తెలిసిన గూడబాతు మా ఇంట్లో ఒక్కటే ఉంది.

సరే, ఆవిడ నా సంగతి రాసింది గనక నేను ఆవిడ సంగతి రాస్తున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయిన దగ్గర్నుంచి వచ్చేదాకా వెంకటనరసమ్మ గారి నివాసం ఆ కారే. తాళం సగం తిప్పుకుని, గాలి పెట్టుకుని, భక్తిపాటల క్యాసెట్టు వేసుకుని, వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. క్యాసెట్టు రెండు పక్కలా అయ్యాకే దిగుతుంది. వేలు పెట్టలేదని రాసే ఉంటుంది. నిజమే, వేలు కాదు, నిలువెత్తు మనిషే పెట్టింది. అయినా నా హారన్ ఎంతసేపురా? పీ... అంటే పీ!

నీకు అన్యాయం జరిగింది, ఒప్పుకుంటున్నాను. కాని మొహిద్దీన్ గారి ముందు ఆ హారన్ మాట చెప్పించకు. ఉంగుటూరులో మా తోడల్లుడు వెంకట్రాజు ఉన్నాడు. వాడికి పదేళ్ళుగా కారుంది, పదేళ్ళుగా నాకు లేదు. "కాకుల్ని తోలడానికి కారు కొన్నాడు మా అన్నగారు" అని వాడు ఒక్కసారి మొదలెడితే మా మనవల పెళ్ళిళ్ళ దాకా ఆపడు. మీ షాపుకి వాడు ఖాతాదారు.

అందుకని ఒక ఉపాయం. "బ్యాటరీ తయారీలోనే లోపం, ఎవరి తప్పూ లేదు" అని మొహిద్దీన్ గారికి ఉత్తరం రాసి దీంతో జతచేశాను. ఇచ్చెయ్యి. నీ మచ్చ పోతుంది, నా పరువు ఉంటుంది.

బ్యాటరీని ఏలూరు వచ్చే చేపల లారీలో పంపిస్తున్నాను, మళ్ళీ నింపు. దారిలో పాడవకుండా అడుగునా పైనా ఐసు కొట్టించాను. రెండు శీలావతులు కూడా పెట్టాను, ఇంట్లో వండించుకో.

శేషగిరిరావు


ఏలూరు
29-11-2006

శేషగిరిరావు గారికి,

బ్యాటరీకి ఐసు పెట్టారు! దాన్ని చేప అనుకున్నారా అండీ? ట్రే తెరిచేసరికి శీలావతులు రెండూ బ్యాటరీకి చెరో పక్కా తలపెట్టుకుని పడుకున్నాయి. మూడోది కూడా చేపేననుకుని షాపు ముందు పిల్లులు కాపలా కాశాయి. కడిగాను, తుడిచాను, ఎండబెట్టాను. ఇప్పటికీ మూత తీస్తే ఆకివీడు వాసనే. చేపలు మాత్రం మా అమ్మ సుగ్రా పులుసు పెట్టింది. చాలా బాగుంది. ఈ ముక్క రాయడం నాకిష్టం లేదు, అమ్మ రాయమంది.

మీ దొంగ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. ఆ బ్యాటరీ పరీక్ష చేసి "బ్రహ్మాండంగా ఉంది" అని షాపు పుస్తకంలో రాసింది నేను. అందులో లోపముందంటే దొంగనన్న పేరు పోయి గుడ్డివాడినన్న పేరొస్తుంది. గుడ్డివాడికి గూడెం షాపు ఎవరిస్తారండీ? జరిగింది జరిగినట్టు చెప్పండి. వెంకట్రాజు గారు నవ్వితే మీకు పోయేది ఒక భోజనం రుచి. మీరు చెప్పకపోతే నాకు పోయేది ఆరేళ్ళ పని.

మూడో తారీకు ఆదివారం నేనే వచ్చి బ్యాటరీ బిగిస్తాను. మూఢం పోయేదాకా దాని ఒక తీగ విప్పి ఉంచుతాను. పిట్ట వచ్చినా పాట వచ్చినా ముట్టుకోకండి. ఆరో తారీకు మూఢం పోతుంది. ఎనిమిదో తారీకులోగా మీ కారు మా షాపు ముందుండాలి.

అమ్మగారికి నా నమస్కారం. క్యాసెట్టు సంగతి నేనేమీ అనుకోలేదని చెప్పండి.

ఖలీద్


చెరువు గట్టు
5-12-2006

అబ్బాయ్ ఖలీద్‌కి,

నువ్వు బిగించి వెళ్ళాక హారన్ జోలికి పోలేదు. పిట్టలు చేప తిని నా వంక చూసి మరీ ఎగురుతున్నాయి. ఓర్చుకున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆరేళ్ళ పని అన్న దగ్గర ఆగిపోయాను. వెంకట్రాజు నవ్వితే నవ్వనీ. శుక్రవారం పొద్దున్న పూజ. విప్పిన తీగ పేతురు చేత బిగింపించుకుంటాను. పూజ కాగానే కారు మొదటి ప్రయాణం ఎక్కడికో కాదు, మీ షాపుకే. నరసమ్మ కూడా వస్తోంది. మొహిద్దీన్ గారిని పదకొండింటికి బయటే ఉండమను. అంతా చెబుతాను.

శేషగిరిరావు


ఏలూరు
8-12-2006, సాయంత్రం

శేషగిరిరావు గారికి,

ఇంజను ఆపలేదు మీరు.

వచ్చారు, కాదనను. పదకొండుంపావుకి పవర్‌పేటలో మీ కారు కనపడింది. బానెట్ మీద బంతిపూల దండ, అద్దం మీద పసుపు స్వస్తిక్, ముందు సీట్లో అమ్మగారు. మొహిద్దీన్ భాయ్ గల్లాపెట్టె వదిలి మెట్టు మీదికొచ్చాడు. సుందరరావు కూడా వచ్చాడు. నేను తడి చేతులు చొక్కాకి తుడుచుకుని నిలబడ్డాను.

మీరు రోడ్డు మధ్యలో ఆపారు. ఇంజను మాత్రం ఆపలేదు. డీజిలు బండి, దడదడదడ. వెనక భీమడోలు బస్సు హారన్, దాని వెనక లారీ. ఏసీ పోతుందని అద్దాలు దించలేదు. అద్దాల్లోంచే చెప్పారు. చాలాసేపు చెప్పారు. చేతులు రెక్కల్లా ఆడించారు, అది పిట్టలని నాకు అర్థమైంది. బొటనవేలితో నొక్కి చూపించారు, అది హారనని నాకు అర్థమైంది. గుండె మీద చెయ్యేసుకున్నారు, కళ్ళు కూడా తుడుచుకున్నారు. మీ నోరు మాత్రం నీళ్ళలో చేప నోరులా తెరుచుకుని మూసుకుంది. అమ్మగారు అద్దం రెండు వేళ్ళంత దించి ప్రసాదం పొట్లం బయటికి తోశారు. మీరు దణ్ణం పెట్టి, బరువు దిగినట్టు నవ్వుతూ వెళ్ళిపోయారు.

మొహిద్దీన్ భాయ్ పొట్లం పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏమంటాడ్రా ఆయన?"

"నేను బ్యాటరీ మార్చలేదన్నారు భాయ్. పిట్టల కోసం హారన్ కొట్టి కొట్టి అయిపోయిందన్నారు."

"నీ గురించి నువ్వే చెప్పుకుంటే ఎలారా?"

"ఈత నేర్చుకోమన్నాడనుకున్నానండీ నేను," అన్నాడు సుందరరావు, చేతులు ఆడించి చూపిస్తూ. షాపంతా నవ్వింది. నేను మళ్ళీ డొక్కులు కడగడానికి వెళ్ళాను.

ఇంజను ఎందుకాపలేదో నాకు తెలుసు. ఆపితే మళ్ళీ స్టార్ట్ అవ్వదేమోనని. ఏలూరు దాకా వచ్చి నేను దొంగను కాదని చెప్పారు గాని, నేను నింపిన బ్యాటరీని నమ్మి ఒక్క నిమిషం ఇంజను ఆపలేకపోయారు. మీరు నోటితో ఎంత చెప్పినా ఆ దడదడ చప్పుడే మొహిద్దీన్ భాయ్‌కి వినపడింది. ఆయన కూడా మెకానిక్కేనండీ. నడుస్తున్న ఇంజను ఆపడానికి భయపడే మనిషిని చూస్తే ఆ బ్యాటరీ మీద ఆయనకేం అనిపిస్తుంది?

కాబట్టి మళ్ళీ రావాలి. కారు షాపు మెట్టుకి ఆనించి ఆపాలి. తాళం తిప్పి, తీసి, మొహిద్దీన్ భాయ్ చేతిలో పెట్టాలి. కిందకి దిగాలి. అద్దాల్లోంచి కాదు, ఎదురుగా నిలబడి, చేతులు ఆడించకుండా, మాటల్లో చెప్పాలి. తర్వాత ఆయన చేతే స్టార్ట్ చేయించాలి. అవ్వకపోతే గూడెం బోర్డు మీద సుందరరావు పేరు రాయమని పెయింటరుకి నేనే చెబుతాను, మీ కారు ఆకివీడు దాకా నేనే తోస్తాను.

పెయింటరు పధ్నాలుగు పొద్దున్న రంగు కలుపుతాడు. బుధవారం, పదమూడో తారీకు, సాయంత్రం అయిదింటికి షాపు ముందు మీ ఇంజను ఆగాలి. వస్తున్నట్టు సోమవారానికల్లా జవాబు రాయండి.

ఖలీద్